తెర వెనుక హెన్రిక్ ఇబ్సెన్

నాటకం ముగిసి తెర పడిన తరువాత ప్రేక్షకులకు గుర్తుండేది నటీనటులు, ఆపైన నాటకకర్త. ఏ పాత్ర ఏ వైపునుండి ప్రవేశించాలో, బల్లమీద ఉత్తరం ఎప్పుడు ఉండాలో, దీపం ఎప్పుడు తగ్గించాలో కనిపెట్టి చూసే రంగస్థల నిర్వాహకుని పేరు కరపత్రంలో అట్టడుగున ఉంటుంది. ఒక్కొక్కప్పుడు అసలే ఉండదు. పాఠశాల వార్షికోత్సవానికి ఒక్కసారైనా నాటకం వేయించిన ఉపాధ్యాయులకు ఈ పని ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. ఆధునిక నాటక పితామహుడని లోకం కీర్తించిన హెన్రిక్ ఇబ్సెన్ తన యౌవనంలో దాదాపు ఆరేళ్ళపాటు జీతానికి చేసిన ఉద్యోగం ఇదే. ఆయన గురించి చెప్పేటప్పుడు ఈ ఆరేళ్ళనూ వైఫల్యాల కాలంగా భావించి త్వరగా దాటిపోవడం పరిపాటి. ఆయన నాటకాలను నిదానంగా చదివినవారికి మాత్రం ఆ పని జాడ అడుగడుగునా కనిపిస్తుంది.

ఇబ్సెన్ 1828 మార్చి 20న నార్వే దేశంలోని షీయెన్ అనే రేవు పట్టణంలో జన్మించారు. తండ్రి క్నూడ్ ఇబ్సెన్ పేరున్న వర్తకుడు. కుమారునికి ఏడేళ్ళ ప్రాయం వచ్చేసరికి వ్యాపారం దెబ్బతిని, ఆస్తులు చేజారి, కుటుంబం పట్టణం విడిచి వెన్‌స్టోప్ అనే చోట ఉన్న చిన్న కమతానికి తరలిపోవలసి వచ్చింది. నిన్నటివరకు తమ ఇంట విందులారగించినవారు నేడు పలకరించకపోవడం ఎలా ఉంటుందో ఆ బాలునికి చిన్ననాడే తెలిసింది. బొమ్మలు గీయడం, తోబుట్టువులకు తోలుబొమ్మలవంటి ఆటలు ఆడి చూపడం అతని వినోదం. చిత్రకారుడు కావాలన్న కోరిక ఉండేది. అందుకు డబ్బు లేదు. పదిహేనేళ్ళు నిండిన కొద్ది నెలలకే, 1844 జనవరిలో, గ్రిమ్‌స్టాడ్ అనే చిన్న ఊరిలో మందుల దుకాణంలో పని నేర్చుకునేందుకు చేరారు.

పగలు మందులు నూరుతూ, రాత్రి పాఠ్యపుస్తకాలతో కుస్తీపడుతూ అక్కడే తొలి నాటకం ‘కాటిలిన’ వ్రాశారు. 1850లో ఒక స్నేహితుడు తన డబ్బుతో దానిని అచ్చువేయించాడు. ప్రతులు అమ్ముడుపోలేదు. రాజధాని క్రిస్టియానియాలో (నేటి ఓస్లో) ఇద్దరికీ పూటగడవని రోజున మిగిలిన ప్రతులను పొట్లాల కాగితాల కింద దుకాణదారుకు అమ్మి భోజనం చేశారు. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో గ్రీకు భాషలోను, గణితంలోను తప్పారు. ఆ తరువాత ఆయన ఏ కళాశాల మెట్లూ ఎక్కలేదు.

అప్పటి నార్వే భాషాస్థితి కొంత తెలిస్తేగాని తరువాతి కథ అర్థం కాదు. నాలుగు శతాబ్దాలకు పైగా నార్వే డెన్మార్కు ఏలుబడిలో ఉండి 1814లో ఆ బంధం నుండి బయటపడింది. కాని వ్రాతభాష డేనిష్ భాషే. రాజధానిలోని పెద్ద నాటకశాలలో నటులు డేన్లు, ఉచ్చారణ డేనిష్. చదువుకున్నవారికి అదే నాగరికమైన పలుకు. ఇంట్లో తాము మాట్లాడుకునే పలుకు వేదికమీద వినిపిస్తే మోటుగా ఉంటుందని నార్వే ప్రజలలోనే చాలామంది అనుకునేవారు. ఈ అభిప్రాయాన్ని ఎదిరించినవాడు ఓలే బుల్. యూరపు, అమెరికా ఖండాలలో పేరు మోగిన ఈ వయొలిన్ విద్వాంసుడు తన స్వస్థలమైన బెర్గెన్‌లో నార్వే నాటకశాలను స్థాపించి, 1850 జనవరి 2న తెర ఎత్తించారు. నటన నేర్వని స్థానికులనే చేరదీసి వారి పలుకునే వేదిక ఎక్కించారు. ప్రభుత్వ సహాయం కోరితే శాసనసభ నిరాకరించింది. ఆ నాటకశాలకు విరాళాల కోసం 1851 అక్టోబరులో రాజధానిలో ఏర్పాటైన సభకు ప్రారంభ పద్యాలు వ్రాసినవారు ఇబ్సెన్. ఓలే బుల్ ఆ యువకుణ్ణి వెంటనే బెర్గెన్‌కు రమ్మన్నారు. అప్పటికి ఇబ్సెన్‌కు ఇరవైమూడేళ్ళు. నాటకశాలలో పనిచేసిన అనుభవం బొత్తిగా లేదు.

ఆ లోపాన్ని పూరించుకునేందుకు యాజమాన్యం 1852లో ఆయనను కోపెన్‌హేగన్, డ్రెస్డెన్ నగరాలకు పంపింది. నటుడు యోహన్నెస్ బ్రున్, ఆయన భార్య కూడా డెన్మార్కుకు తోడు వెళ్ళారు. అక్కడి రాజనాటకశాలలో షేక్స్పియర్ నాటకాలు మంచి నటుల నోట వినే అవకాశం ఇబ్సెన్‌కు లభించింది. అంతకంటె ముఖ్యంగా, రంగస్థల బాధ్యతలు చూసే థామస్ ఓవర్స్కో ఆయనను తెర వెనుకకు తీసుకువెళ్ళి కప్పీలు, తాళ్ళు, తెరలు, దృశ్యాలు మార్చే యంత్రాల పనితీరును చూపించారు. ఏ తెర వాడిన మాంత్రికుణ్ణి చేస్తుందో ఆ తెరను లాగే తాడు ఎక్కడుందో ఇబ్సెన్ ముందుగా తెలుసుకున్నారు.

తిరిగివచ్చిన తరువాత పని విభజన జరిగింది. హెర్మన్ లోడింగ్ అనే పండితుడైన ఉపాధ్యాయునికి నటులచేత సంభాషణలు చదివించడం, పాత్రల స్వభావం వివరించడం అప్పగించారు. రంగాలంకరణ, ఆహార్యం, పాత్రల ప్రవేశ నిష్క్రమణలు, వేదికమీద ఎవరు ఎక్కడ నిలవాలి, ఎటు కదలాలి అన్నవి ఇబ్సెన్ వంతు. ఆయన ప్రతి నాటకానికీ ఒక నోటుపుస్తకం సిద్ధం చేసుకునేవారు. వేదిక పటం గీసి, తలుపులు, కిటికీలు, కుర్చీలు గుర్తించి, పాత్రలు నడిచే దారులను గీతలతో చూపేవారు. దుస్తులకు నీటిరంగులతో బొమ్మలు వేసేవారు. చిత్రకారుడు కావాలన్న బాల్యపు కోరిక ఈ విధంగా అక్కరకు వచ్చింది.

పని తక్కువేమీ కాదు. ఊరు చిన్నది, నాటకం చూసేవారు పరిమితం. ఒకే నాటకం ఎక్కువ రోజులు ఆడదు కనుక ఎప్పటికప్పుడు కొత్తది సిద్ధం కావాలి. ఇబ్సెన్ అక్కడ ఉన్న కాలంలో నూటనలభైకి పైగా నాటకాలకు చేయి వేశారు. వాటిలో అధికభాగం అనువాదాలు, తేలికపాటి ప్రహసనాలు. ఫ్రెంచి రచయిత స్క్రీబ్ నాటకాలే ఇరవైకి పైగా ఉన్నాయి. చేజారిన ఉత్తరం, అనుకోని అతిథి, తలుపు చాటున విన్న రహస్యం — ఇవే ఆ నాటకాలకు ఇరుసులు. వాటిలో జీవితం ఉండదు. బిగువు మాత్రం గడియారంలా ఉంటుంది. ఒక పాత్ర అర నిమిషం ఆలస్యంగా ప్రవేశిస్తే కథ మొత్తం కూలిపోతుంది. అలా కూలిపోకుండా చూడడమే తెర వెనుక ఉన్న మనిషి బాధ్యత.

అయితే ఆ మనిషి మహా బిడియస్తుడు. పక్కతెరల మాటున నిశ్శబ్దంగా తిరిగేవారే తప్ప, నటుడు పొరపాటు చేస్తే పిలిచి చెప్పడానికి ఆయనకు నోరు వచ్చేది కాదు. ఆజ్ఞాపించవలసిన స్థానంలో మితభాషి కూర్చోవడం ఆయనకూ, నటులకూ కూడా ఇబ్బందే. దానికి తోడు ఏటా జనవరి 2న, నాటకశాల వార్షికోత్సవానికి, తన సొంత నాటకం ఒకటి ప్రదర్శించవలసి ఉండేది. 1853లో వేసిన ‘సెయింట్ జాన్ రాత్రి’ని ప్రేక్షకులు ఈలలతో సాగనంపారు. ఆ నాటకాన్ని ఇబ్సెన్ తరువాత తన గ్రంథావళిలో కూడా చేర్చనివ్వలేదు. మరుసటి ఏడాది పాత నాటకమొకటి సవరించి వేస్తే అదీ నిలవలేదు. 1855లో ‘ఓస్ట్రోట్ ఇంగెర్ దొరసాని’ని ఎవరో మిత్రుని రచన అని చెప్పి యాజమాన్యానికి అందజేశారు; తన పేరుమీద ఆయనకే నమ్మకం సడలిందన్నమాట. అది రెండు ప్రదర్శనలతో ఆగిపోయింది. 1856లో ‘సూల్‌హౌగ్ విందు’ మాత్రం జనాన్ని మెప్పించింది. ఆ విజయం వెంటనే ఊరి మతాచార్యుడు థోరెసెన్ ఇంటికి ఆహ్వానం వచ్చింది. అక్కడ పరిచయమైన ఆ ఇంటి అమ్మాయి సుసన్నా 1858లో ఆయన అర్ధాంగి అయింది. ఇబ్సెన్ కలం ఆగిపోకుండా కాపాడిన ఘనతలో ఈమెకు పెద్ద భాగమే ఉంది.

1857లో రాజధానిలోని నార్వే నాటకశాల ఆయనను నిర్వాహకునిగా పిలిచింది. హోదా పెరిగింది, బరువూ పెరిగింది. వ్రాయవలసిన నాటకాలు వ్రాయలేక, ఆడించిన నాటకాలు జనం చూడక, పత్రికల విమర్శలు, అప్పులవాళ్ళ దావాలు ఆయనను క్రుంగదీశాయి. నాటకశాల 1862లో దివాలా తీసింది. 1864లో ఇబ్సెన్ ఇటలీకి ప్రయాణమయ్యారు. వెనుక వదలిన ఇంటి సామానును అప్పులవాళ్ళు వేలం వేయించారు. ఆ తరువాత ఇరవైఏడేళ్ళపాటు ఇటలీ, జర్మనీ దేశాలలోనే ఆయన నివాసం. మళ్ళీ ఏ నాటకశాలలోనూ ఉద్యోగం చేయలేదు.

‘బ్రాండ్’ (1866), ‘పీర్ గింట్’ (1867) కావ్యనాటకాలతో కీర్తి వచ్చింది. శాసనసభ వార్షిక భృతి మంజూరు చేసింది. ఆయన పేరు ప్రపంచమంతటా మార్మోగింది మాత్రం 1879 డిసెంబరులో వెలువడిన ‘బొమ్మరిల్లు’తో. భర్త ప్రాణం కాపాడడానికి రహస్యంగా అప్పుచేసి, తండ్రి సంతకాన్ని తానే పెట్టిన నోరా కథ అది. ఈ నాటకంలోని స్త్రీ స్వాతంత్ర్య వాదం గురించి ఎందరో వ్రాశారు. దాని నిర్మాణం వెనుక ఉన్న పాత స్టేజి మేనేజరును గుర్తించినవారు తక్కువ. మూడంకాలకూ ఒకే గది. ఆ గదికి నాలుగు తలుపులు: ఒకటి బయటి వసారాకు, ఒకటి భర్త గదికి, ఒకటి పిల్లల వైపుకు, మరొకటి లోపలికి. ఏ పాత్ర ఏ తలుపు తీసినా ఆ తలుపుకు ఒక అర్థం ఉంది. వసారా తలుపుకు ఉత్తరాల పెట్టె. దాని తాళం చెవి భర్త దగ్గర. నోరా రహస్యం బయటపెట్టే ఉత్తరం ఆ పెట్టెలో పడి ఉందని ప్రేక్షకులకు తెలుసు. ఆమె నాట్యం చేస్తున్నంతసేపూ వారి చూపు ఆ పెట్టె మీదే ఉంటుంది. మొదటి అంకంలో ముచ్చటగా అలంకరించిన క్రిస్మస్ చెట్టు రెండవ అంకంలో తెర లేచేసరికి అలంకారాలు ఊడి, కాలిన కొవ్వొత్తి మొదళ్ళతో ఓ మూల నిలిచి ఉంటుంది. నాటకం చివరిది మాట కాదు, కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు. తెర వెనుక నిలబడిన ఒక మనిషి సరైన క్షణంలో చేయవలసిన చప్పుడు అది. స్క్రీబ్ కాలక్షేపానికి వాడుకున్న ఉత్తరమూ తలుపూ ఇక్కడ ఒక స్త్రీ బ్రతుకును తేల్చే సాధనాలయ్యాయి.

జర్మనీలో ఒక ప్రసిద్ధ నటి పిల్లలను విడిచిపోయే తల్లిగా తాను నటించనని పట్టుపట్టింది. ఇతరులు మార్చకుండా ఆపడానికి తగిన చట్టం లేనందున ఇబ్సెన్ తానే వేరొక ముగింపు వ్రాసి ఇచ్చారు. అందులో నోరా పిల్లల గది తలుపు వద్ద కుప్పకూలుతుంది. ఆ మార్పును ఆయన ఎన్నడూ ఇష్టపడలేదు. ‘ప్రేతాత్మలు’ (1881) నాటకంలో అద్దాల అవతల ఎడతెగని వాన, చివరకు నిష్కరుణమైన సూర్యోదయం కథతో కలిసి నడుస్తాయి. ‘అడవి బాతు’ (1884) లో అంకం మారినప్పుడల్లా దీపకాంతి మారుతుంది. సంభాషణతో పాటు వెలుతురునూ వ్రాసిన నాటకకర్త ఆయన.

ఈ గాలి తెలుగు నాటకరంగం వరకూ వీచింది. పి.వి. రాజమన్నారు రచించగా బళ్ళారి రాఘవ ప్రదర్శించిన ‘తప్పెవరిది’ నాటకంలో ఇబ్సెన్ ప్రభావాన్ని విమర్శకులు గుర్తించారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని రాఘవ పట్టుబట్టిన కాలమది. కన్నడసీమలో స్థిరపడిన తెలుగువారికి ఈ ముచ్చట ప్రత్యేకంగా ప్రీతిపాత్రం.

ఇబ్సెన్ 1891లో స్వదేశానికి తిరిగివచ్చారు. ఒకప్పుడు అప్పులవాళ్ళకు ముఖం చాటుచేసిన నగరంలో, ఆయన రోజూ హోటలుకు నడిచివెళ్ళే వేళను బట్టి గడియారాలు సరిచేసుకోవచ్చునన్నంత పేరు వచ్చింది. కుమారుడు సిగూర్ 1903లో స్టాక్‌హోమ్‌లో నార్వే ప్రధానమంత్రి పదవిని అలంకరించారు. 1899 సెప్టెంబరు 1న రాజధానిలో నార్వే జాతీయ నాటకశాల ప్రారంభమైంది. ద్వారం ముందు ఇబ్సెన్ విగ్రహం, లోపల సభలో స్వయంగా ఇబ్సెన్. ఒకనాడు మోటు పలుకని త్రోసిపుచ్చిన భాష ఇప్పుడు ఆ వేదిక భాష. మరుసటి సంవత్సరం పక్షవాతం ఆయన చేతిని కట్టివేసింది. 1906 మే 23న కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

బెర్గెన్‌లో ఆయన గీసుకున్న నోటుపుస్తకాలు నేటికీ ఆ నగరంలోనే భద్రంగా ఉన్నాయి. వాటిలోని నాటకాలలో చాలావాటిని ఇప్పుడు ఎవరూ ఆడడం లేదు. ఏ నటుడు ఏ తలుపునుండి వచ్చి ఏ కుర్చీ వరకు నడవాలో చూపే గీతలు మాత్రం ఇంకా స్పష్టంగానే ఉన్నాయి.