జాన్ ఎయిట్కెన్

జాన్ ఎయిట్కెన్ (1839 సెప్టెంబరు 18 - 1919 నవంబరు) స్కాట్లాండుకు చెందిన భౌతిక, వాతావరణ శాస్త్రవేత్త. మేఘం గాని పొగమంచు గాని ఏర్పడాలంటే నీటి ఆవిరి ఒక్కటే చాలదనీ, గాలిలో సూక్ష్మకణాలు కూడా ఉండాలనీ ప్రయోగపూర్వకంగా చూపాడు. ఆ కణాలను లెక్కించే పరికరాన్ని రూపొందించాడు. కొన్ని వాయువులపై ఎండ పడినపుడు గాలిలో కొత్త కణాలు పుడతాయని తొలుత గమనించినవారిలో ఇతడొకడు. ధ్రువప్రాంతాల గాలిలో కణాలు ఋతువును బట్టి ఎందుకు మారుతాయన్న నేటి పరిశోధనలు ఈ పరిశీలన వేసిన బాటలోనే సాగుతున్నాయి.

జననం, విద్య

ఎయిట్కెన్ స్కాట్లాండులోని ఫాల్కిర్క్ పట్టణంలో జన్మించాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివాడు. తరువాత గ్లాస్గోలోని నేపియర్ నౌకానిర్మాణ సంస్థలో శిక్షణ పొందాడు. అనారోగ్యం వలన ఆ వృత్తిని వదులుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఏ విశ్వవిద్యాలయంలోను ఉద్యోగంలో చేరలేదు. ఇంటివద్దనే పనిశాల ఏర్పాటు చేసుకొని, తనకు కావలసిన పరికరాలను తానే తయారు చేసుకొంటూ జీవితాంతం పరిశోధనలు సాగించాడు.

ఆవిరి ప్రయోగం

1880లో ఎయిట్కెన్ రెండు గాజుపాత్రలు తీసుకొని ఒకదానిలో మామూలు గాలిని, రెండవదానిలో దూది గుండా వడగట్టిన గాలిని నింపాడు. రెండింటిలోకీ ఆవిరిని పంపాడు. మొదటి పాత్రలో దట్టమైన తెల్లని మంచు కమ్ముకొంది. రెండవ పాత్ర స్వచ్ఛంగానే ఉండిపోయింది. నీటి ఆవిరి చుక్కగా మారడానికి ఒక ఆధారం కావాలనీ, ఆ ఆధారం గాలిలోని కణమేననీ దీని నుండి తేల్చాడు. ఫ్రాన్సులో కూలియే 1875లోనే ఇటువంటి ప్రయోగం చేసినా, దాని ప్రాముఖ్యాన్ని విస్తృతంగా నిరూపించినవాడు ఎయిట్కెన్. గంధకం మండినపుడు మంచు ఎక్కువగా ఏర్పడటం గమనించి, పొగ కనబడకుండా మండే ఇంధనం కూడా పొగమంచుకు కారణం కాగలదని హెచ్చరించాడు.

కణాల లెక్కింపు

1880ల చివరలో ఎయిట్కెన్ కణాలను లెక్కించే పరికరాన్ని తయారు చేశాడు. ఇందులో తేమతో నిండిన గాలిని పంపుతో ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తారు. గాలి చల్లబడి ప్రతి కణం చుట్టూ నీరు చేరుతుంది. అలా ఏర్పడిన చుక్కలు గళ్ళు గీసిన చిన్న పలకపై పడతాయి. వాటిని భూతద్దంతో లెక్కిస్తే కణాల సంఖ్య తెలుస్తుంది. ఈ పరికరంతో స్కాట్లాండు పశ్చిమ తీరంలోను, స్విట్జర్లాండులోని రిగి పర్వతంపైన, పారిస్ నగరంలోను కొలతలు తీసుకొన్నాడు. స్వచ్ఛమైన గాలిలో ఘన సెంటీమీటరుకు కొన్ని వందల కణాలు ఉంటే, నగరాల గాలిలో లక్షకు పైగా కనిపించాయి. బెన్ నెవిస్ పర్వతంపైనున్న వేధశాలలో కూడా ఈ పరికరాన్ని నెలకొల్పారు.

ఎండతో పుట్టే కణాలు

మొదట ఎయిట్కెన్ ఈ కణాలన్నిటినీ ధూళి అనే పిలిచాడు. అయితే కొన్ని కొలతలు ఆ మాటకు లొంగలేదు. ఊళ్ళు, పొగ దగ్గరలో లేని తీరాలలో కూడా ఎండ కాసే వేళ కణాల సంఖ్య హఠాత్తుగా పెరిగేది. 1890ల చివరలో గంధక ద్వియామ్లజనిదం (సల్ఫర్ డై ఆక్సైడ్) వంటి వాయువులపై సూర్యరశ్మి ప్రభావాన్ని ప్రయోగశాలలో పరీక్షించాడు. కణాలు నేల నుండి ఎగిరి రావడమే కాక, వాయువుల నుండి గాలిలోనే పుట్టగలవని ఈ పరిశీలనలు సూచించాయి. అంత చిన్న కణాలలోని పదార్థాన్ని గుర్తించే సాధనం అతడి కాలంలో లేదు. సముద్రపు నాచు విడుదల చేసే అయోడిన్ ఆవిరులకు తీరప్రాంత కణాలతో ఉన్న సంబంధం 2002లో గాని వెల్లడి కాలేదు.

ధ్రువప్రాంతాల గాలి

ఎయిట్కెన్ భావన స్పష్టంగా కనబడే చోటు ధ్రువప్రాంతం. అక్కడ శీతాకాలంలో ఎండ ఉండదు కనుక వాయువుల నుండి కొత్త కణాలు పుట్టడం దాదాపు ఆగిపోతుంది. ఆ కాలంలో ఉత్తరధ్రువ ప్రాంతంలో ఉండేవి ముఖ్యంగా దూరదేశాల కర్మాగారాల నుండి గాలితో వచ్చిన పాత కణాలు. వసంతంలో సూర్యుడు తిరిగి వచ్చాక గంధకామ్లం, అయోడిక్ ఆమ్లం ఏర్పడతాయి. వేసవిలో తుంపర్లు పాత కణాలను కడిగివేస్తాయి. అదే సమయంలో సముద్రంలోని సూక్ష్మ శైవలాలు డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. అది ఎండలో గంధకామ్లంగాను, మిథేన్ సల్ఫోనిక్ ఆమ్లంగాను మారుతుంది. పక్షుల విసర్జనల నుండి వచ్చే అమ్మోనియా ఈ కణాలు నిలవడానికి తోడ్పడుతుంది. శరదృతువులో సముద్రం గడ్డకట్టడం మొదలైనపుడు మళ్ళీ అయోడిక్ ఆమ్లం ప్రధానమవుతుందని 2018లో ఉత్తరధ్రువ సమీపంలో జరిపిన నౌకాయాత్ర కొలతలు తెలిపాయి.

అక్కడి గాలిలో కణాలు ఎంతో తక్కువ. అందువలన కొద్దిపాటి కొత్త కణాలు చేరినా మేఘాల మందం, అవి ఎండను తిప్పికొట్టే తీరు, నేల వేడిని పట్టి ఉంచే తీరు మారగలవు. మంచు కరిగే వేగంపై కూడా దీని ప్రభావం ఉంటుంది.

గుర్తింపు

ఎయిట్కెన్ 1875లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీకి, 1889లో లండన్ రాయల్ సొసైటీకి సభ్యుడయ్యాడు. 1917లో రాయల్ పతకం పొందాడు. తుషారం, ఉష్ణమాపకాలను ఉంచే పెట్టెలు, తుఫానులు మొదలైన విషయాలపై కూడా వ్యాసాలు వ్రాశాడు. కణాలు లేని గాలిలో సైతం, ఆవిరి చాలా ఎక్కువైతే, విద్యుదావేశం గల అయాన్లపై చుక్కలు ఏర్పడగలవని తరువాత సి.టి.ఆర్. విల్సన్ నిరూపించాడు. ఎయిట్కెన్ ఉపయోగించిన వ్యాకోచ పద్ధతినే మరింత అభివృద్ధి చేసి విల్సన్ మేఘపేటికను నిర్మించాడు. దానికి అతడికి 1927లో నోబెల్ బహుమతి లభించింది.

ఎయిట్కెన్ 1919 నవంబరులో మరణించాడు. అతడి శాస్త్రీయ వ్యాసాలను సి.జి. నాట్ సంకలనం చేయగా 1923లో వెలువడ్డాయి. సుమారు 10 నుండి 100 నానోమీటర్ల పరిమాణం గల కణాలను నేటికీ ఎయిట్కెన్ కణాలని వ్యవహరిస్తారు.