పేరు మార్చినవాడు, బడి పెట్టినవాడు: భాగ్యరెడ్డి వర్మ



బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో ధమ్మ దీక్ష ఇచ్చిన సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంతకు 43 ఏళ్ల ముందే, 1913లో, హైదరాబాద్‌లో మనవాడొకాయన బుద్ధ జయంతి జరిపించాడని మీలో ఎంతమందికి తెలుసు? ఆయనే భాగ్యరెడ్డి వర్మ.

1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. చేతిలో డిగ్రీ లేదు, వెనక ఆస్తి లేదు. అది నిజాం రాజ్యం. ఊళ్లలో వెట్టి, వాడల్లో కల్లు, దేవుడి పేరుతో ఆడపిల్లల్ని జోగినులుగా వదిలేసే దురాచారం. ఇంకోవైపు పట్నంలో కొత్త గాలి: ఆర్య సమాజం, బ్రహ్మ సమాజం, కొత్త చదువులు. కాలం మారుతోంది. మారే కాలంలో మనవాళ్లు ఎక్కడుండాలి? ఆయనకు పట్టుకున్న ప్రశ్న ఇదే.

1906లో జగన్ మిత్ర మండలి పెట్టారు. మనవాళ్లకు చదువు రాదు కదా, కరపత్రం ఇస్తే ఏం లాభం? అందుకని హరికథలు చెప్పించారు. జనానికి అలవాటైన కథా పద్ధతిలోనే కొత్త మాట చెప్పారు. 1910 నుంచి మన పిల్లలకు తెలుగు బడులు తెరిచారు. ఒక్కొక్కటిగా అవి 26 అయ్యాయి. పరాయి బడి తలుపు తెరుచుకునేదాకా ఆగలేదాయన.

1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షుడు ఆయనే. లేచి, ఆ సభ పేరునే ప్రశ్నించారు. పంచములమనేది ఎవరో అంటగట్టిన మాట, మనం ఈ నేలకు మొదటివాళ్లం అని వాదించారు. పంచమ సభ కాస్తా ఆది ఆంధ్ర సభ అయింది. తర్వాత మద్రాసు ప్రభుత్వమూ ఆ పేరును ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆది హిందువులు అని రాసుకుంది.

అన్నీ సాఫీగా జరగలేదు. మనవాళ్లలోనే భేదాలొచ్చాయి, వేరు కుంపట్లు లేచాయి. అయినా ఆయన తిట్టుకుంటూ కూర్చోలేదు. భాగ్యనగర్ పత్రిక నడిపారు, సభలు పెట్టారు, 1939లో కన్నుమూసేదాకా పని ఆపలేదు.

ధమ్మంలో దీన్నే సమ్యక్ వ్యాయామం అంటాం. ఉన్న చెడును వదిలించడం, లేని మంచిని పుట్టించడం, పుట్టిన మంచిని నిలబెట్టడం. ఆశావాదం అంటే నవ్వు ముఖం పెట్టుకోవడం కాదు, రేపటి బడికి ఇవాళ చాప పరవడం.

ఇప్పుడు మీ సంగతి చూడండి. జనాభా లెక్కలవాళ్లు ఇంటికొస్తే మతం దగ్గర బౌద్ధం అని చెప్తున్నారా? రిజర్వేషన్ పోతుందేమోనని నోరు మూసుకుంటున్నారా? 1990లో చట్టం మారింది. బౌద్ధులైన ఎస్సీలకూ ఆ హక్కు ఉంది. భాగయ్య రోజుల్లో మనకంటూ ఒక పేరే లేకపోతే ఆయన పోరాడి తెచ్చారు. మనకు బాబాసాహెబ్ ఇచ్చిన పేరుంది. దాన్ని దాచుకుంటే ఎట్లా?

వచ్చే బుద్ధ పూర్ణిమకు దీపం పెట్టండి, ఖీర్ పంచండి. దాంతోపాటు మీ వాడలో బడి మానేసిన ఒక్క బిడ్డనైనా చెయ్యిపట్టి మళ్లీ బడికి తీసుకెళ్లండి. భాగ్యరెడ్డి వర్మకు అదే అసలైన నివాళి.

నమో బుద్ధాయ. జై భీమ్.