పంటి మరక గుట్టు విప్పిన డాక్టర్ ఫ్రెడరిక్ మెకే

మన హాస్టల్లో ఉండే మాలో కొందరికి ముందు పళ్ల మీద సుద్ద గీసినట్టు తెల్లటి చారలు, గోధుమ రంగు మచ్చలు ఉంటాయి. పుల్లతో తోమినా పోవు, పేస్టుతో తోమినా పోవు. భూపాలపల్లి వైపు నుంచి కొత్తగా వచ్చిన స్నేహితులు వాటిని చూసి గుట్కా మరకలు అనుకుంటారు. గ్రూపు ఫొటో తీసేటప్పుడు నోరు మూసుకుని నిలబడేవాళ్లం మేమే. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినా, పెళ్లిచూపులకి వెళ్లినా మా మాట కన్నా ముందు మా పళ్లే కనిపిస్తాయేమో అని భయం.

ఈ మరక మన తప్పు కాదని లోకానికి రుజువు చేసిన పళ్ల డాక్టరు ఒకరున్నారు. ఆయన పేరు డాక్టర్ ఫ్రెడరిక్ మెకే. దంత వైద్యం చదివేవాళ్లందరికీ తెలిసిన పేరు ఇది. మనలాంటి వాళ్లకి ఇంకా బాగా తెలియాల్సిన పేరు.

మెకే 1874లో జన్మించారు. 1900లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దంత వైద్యం పూర్తి చేశారు. 1901లో కొలరాడో రాష్ట్రంలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే కొండ ప్రాంత పట్టణానికి వెళ్లి ప్రాక్టీసు పెట్టుకున్నారు. అక్కడ ఆయన ఒక వింత చూశారు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్ల పళ్ల మీద గోధుమ రంగు మరకలు ఉన్నాయి. కొందరికైతే పన్నంతా చాక్లెట్ రంగే. ఆయన చదివిన పుస్తకాల్లో ఈ జబ్బు గురించి ఒక్క ముక్క లేదు. ఊరి వాళ్లు తలా ఒక కారణం చెప్పేవారు. పంది మాంసం ఎక్కువ తినడం వల్ల అని ఒకరు, నాసిరకం పాలు తాగడం వల్ల అని ఒకరు, నీళ్లలో సున్నం వల్ల అని ఇంకొకరు. అక్కడి డాక్టర్లు ఇది మామూలే అని వదిలేశారు.

మెకే వదల్లేదు. తనొక్కడి వల్ల కాదని తెలిసి, ఆ కాలంలో అమెరికా దంత వైద్యానికి పెద్ద దిక్కుగా ఉన్న డాక్టర్ జి.వి. బ్లాక్‌ను పిలిచారు. బ్లాక్ గారి గురించి కూడా మనం తెలుసుకోవాలి. ఆయన బడికి వెళ్లింది చాలా తక్కువ. సొంతంగా చదువుకుని పైకి వచ్చి, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం దంత కళాశాలకు డీన్ అయ్యారు. అమెరికాలో ఇలాంటి జబ్బు ఉండి కూడా ఎవరూ రాయలేదంటే ఆయన మొదట నమ్మలేదట. 1909లో కొలరాడో వచ్చి కళ్లారా చూశాక ఆశ్చర్యపోయారు. అప్పటికే మెకే లెక్క తీశారు. ఆ ఊళ్లో పుట్టిన పిల్లల్లో నూటికి దాదాపు తొంభై మందికి మరకలున్నాయి.

ఇద్దరూ కలిసి ఆరేళ్లు పని చేసి రెండు విషయాలు కనిపెట్టారు. ఒకటి, ఈ మరక పైనుంచి అంటుకున్నది కాదు. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పై పొర, అంటే ఎనామెల్, దెబ్బతింటుంది. పెద్ద పళ్లు వచ్చేశాక ఆ ఊరికి కొత్తగా వచ్చిన వాళ్లకి మరక పడలేదు. రెండు, మరక ఉన్న పళ్లు పుచ్చిపోవడం తక్కువ. దీనికి కారణం తేలకముందే 1915లో బ్లాక్ కన్నుమూశారు. మెకే ఒంటరిగా ముందుకు సాగారు.

ఆయన అనుమానం నీళ్ల మీద పడింది. 1923లో ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరికి వెళ్లారు. అక్కడి తల్లిదండ్రులు ఒక మాట చెప్పారు. దూరంగా ఉన్న వేడినీటి ఊట నుంచి ఊరికి పైపులైను వేసిన తర్వాతే పిల్లల పళ్లకి మరకలు మొదలయ్యాయని. మెకే ఆ నీటిని పరీక్ష చేయించారు. అనుమానించదగ్గది ఏదీ దొరకలేదు. అయినా ఆ తల్లుల మాటే నమ్మారు. ఆ పైపు మానేసి దగ్గర్లోని వేరే ఊట నీళ్లు వాడమని సలహా ఇచ్చారు. ఊరి వాళ్లు విన్నారు. కొన్నేళ్లకి చిన్న పిల్లలకి వచ్చిన కొత్త పళ్లు శుభ్రంగా, ఏ మరకా లేకుండా వచ్చాయి. ప్రయోగశాల చెప్పలేని సంగతిని పిల్లల నోళ్లు చెప్పాయి.

తర్వాత ఆయన ఆర్కాన్సా రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరికి వెళ్లారు. అల్యూమినియం కంపెనీ కార్మికులుండే ఊరు అది. అక్కడి పిల్లల్లో మరకలు బాగా కనిపించాయి. ఐదు మైళ్ల దూరంలోని ఊళ్లో ఎవరికీ లేవు. ఈ సంగతి కంపెనీ ప్రధాన రసాయన శాస్త్రవేత్త చర్చిల్ చెవిన పడింది. అల్యూమినియం గిన్నెల మీద నింద పడుతుందేమో అని ఆయన భయం. ఆ నీటిని అప్పటి కొత్త యంత్రంతో పరీక్షిస్తే ఫ్లోరైడ్ చాలా ఎక్కువగా బయటపడింది. నమ్మలేక మళ్లీ చేయించారు. అదే ఫలితం వచ్చింది. 1931 జనవరిలో ఆయన మెకేకి ఉత్తరం రాశారు. మెకే వేరే మరకల ఊళ్ల నుంచి కూడా నీళ్లు తెప్పించి పంపితే వాటన్నిటిలోనూ ఫ్లోరైడే. 1901లో పుట్టిన ప్రశ్నకి ముప్పై ఏళ్లకి జవాబు దొరికింది.

ఆ తర్వాత ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ దంత వైద్యుడు ఎంత ఫ్లోరైడ్ ఉంటే ఎంత మరక పడుతుందో లెక్క కట్టారు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఉంటే పంటికి పెద్ద మరక ఉండదు, పుచ్చు తగ్గుతుంది. దాన్ని బట్టే 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో నీటికి ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. మన సమస్య దానికి తిరగబడింది. మనకి కలపాల్సిన పని లేదు, తీసేయాల్సిన పని ఉంది. మన దేశంలో తాగే నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర వరకు ఒప్పుకుంటారు.

చర్చిల్ ఉత్తరం రాసిన ఆరేళ్లకే, 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది తెలుగు పల్లెల్లోనే. అక్కడ పళ్లతో ఆగలేదు, ఎముకలు కూడా వంగిపోయాయి. తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారు చేసింది. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు పెట్టారు. జనగామ, మహబూబాబాద్ ప్రాంతాలు పాత నల్గొండ జిల్లాకి ఆనుకునే ఉన్నాయి. జిల్లాల హద్దులు కాగితం మీద మారతాయి గాని భూమి లోపలి రాయి మారదు. చెరువులు, మంచినీళ్ల బావులు ఎండిపోయి బోర్లు లోతుకి పోయిన కొద్దీ ఆ రాతిలోని ఫ్లోరైడ్ మన బిందెల్లోకి వచ్చింది. 2016లో తొలి దశ మొదలైన మిషన్ భగీరథతో గోదావరి, కృష్ణా నీళ్లు ఊళ్లకి వస్తున్నాయి. కానీ బోరు నీళ్లు తాగి పెరిగిన మా వయసు వాళ్ల పళ్ల మీద పాత నీళ్ల గుర్తు అలాగే ఉంది.

మరి ఉన్న మరకని ఏం చేయాలి? పన్ను విరిగినా, పుచ్చినా పళ్ల డాక్టరు పక్క పన్ను రంగుకి సరిపోయేలా సిమెంటు గాని, క్యాప్ గాని పెడతారు. రంగు చూడటానికి షేడ్ గైడ్ అనే పళ్ల నమూనాల వరుస ఉంటుంది. 1956 నుంచి వాడుకలో ఉన్న పేరున్న గైడులో 16 రంగులు, ఎ, బి, సి, డి అని నాలుగు వరుసలు. పన్ను ఎండితే తెల్లగా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి పని మొదలుపెట్టక ముందే, తడి ఉండగానే, పగటి వెలుతురులో చూడాలి. ఎక్కువ సేపు చూస్తే కన్ను అలసిపోతుంది కాబట్టి కొన్ని సెకన్లే చూడాలి. అయితే ఆ 16 రంగుల్లో మన చారలు, మచ్చలు లేవు. మచ్చ ఉన్న పళ్ల మధ్య ఒకే రంగు క్యాప్ పెడితే అదొక్కటే పరాయిదిలా కనిపిస్తుంది. ల్యాబులో చేసేవాళ్లు పింగాణీ మీద కావాలని చారలు, మచ్చలు దిద్ది కాలిస్తేనే కలుస్తుంది. లేదంటే ముందే మిగతా పళ్ల మరక తగ్గించుకోవాలి. మరక తక్కువైతే పై పొరను కొంచెం అరగదీసి పోగొడతారు. ఎక్కువైతే పలుచటి పొర అతికిస్తారు. కాబట్టి ఒక పంటికి క్యాప్ వేయించుకునే ముందు మిగతా పళ్ల సంగతి కూడా డాక్టరుతో మాట్లాడండి. ప్రైవేటులో ఖర్చు భరించలేని వాళ్లకి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఇటుక పొడి, బొగ్గుతో రుద్దితే మరక పోదు, పన్నే అరుగుతుంది.

డాక్టర్ మెకే 1959లో మరణించారు. మరక పడిన పళ్లను కప్పి డబ్బు సంపాదించుకోవడం ఆయనకి తేలిక. ఆయన అక్కడ ఆగకుండా మరక ఎక్కడి నుంచి వచ్చిందో వెతికారు. అందుకే ఓక్లీ పిల్లలకి మరక లేని పళ్లు వచ్చాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ పళ్ల రంగు మీ శుభ్రతకి కొలత కాదు. మీరు పసివాళ్లుగా ఉన్నప్పుడు మీ ఊరు తాగిన నీళ్లకి అది సాక్ష్యం. ఎవరైనా వెక్కిరిస్తే తల దించుకోకండి, ఈ సంగతి చెప్పండి. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారో అడగండి. నల్లా నీళ్లు రాని రోజు పాత బోరు దగ్గరికే వెళ్తున్నారా చూడండి. వెళ్తుంటే ఆ నీటిని పరీక్ష చేయించమని పంచాయతీలో అడగండి. మన పళ్ల మరక చిన్నప్పుడే పడిపోయింది. వాళ్ల పళ్లు ఇంకా చిగురు లోపల తయారవుతున్నాయి.