మాట పోయిన మహాకవి: కాజీ నజ్రుల్ ఇస్లాం

రంజాన్ నెల ముగిసి ఈద్ చాంద్ కనిపించగానే బెంగాలీ ముస్లింల ఇళ్లలో ఒక పాట వినిపిస్తుంది. తొంభై ఏళ్లకు పైగా అదే పాట. అది రాసినాయన బంగ్లాదేశ్ జాతీయ కవి కాజీ నజ్రుల్ ఇస్లాం. వేల పాటలు కట్టిన ఆ మనిషి జీవితంలో చివరి 34 ఏళ్లు మాటే లేకుండా గడిచిపోయాయి. ఆయన్ని కమ్ముకున్న జబ్బుకు పేరు తెలియడానికే 11 ఏళ్లు పట్టింది.

నజ్రుల్ 1899 మే 24న బర్ధమాన్ జిల్లా చురులియా గ్రామంలో పుట్టారు. అబ్బా మస్జిద్‌లో ఇమామ్. నజ్రుల్ చిన్నప్పుడే ఆయన ఇంతెఖాల్ అయ్యారు. దాంతో కుర్రాడు మస్జిద్‌లో అజాన్ ఇచ్చాడు, పల్లె నాటకాలకు పాటలు కట్టాడు, అసన్‌సోల్‌లో రొట్టెల దుకాణంలో పనిచేశాడు. 1917లో సైన్యంలో చేరి కరాచీ వెళ్లాడు. 1922లో 'విద్రోహి' కవిత అచ్చవగానే బెంగాల్ అంతా ఆయన పేరు మోగిపోయింది. అదే ఏడాది తన 'ధూమకేతు' పత్రికలో రాసిన రాతలకు ఇంగ్లిష్ సర్కారు అరెస్టు చేసింది. జైల్లో దాదాపు 40 రోజులు అన్నం ముట్టకుండా దీక్ష చేశారు. 1924లో ప్రమీలాదేవిని పెళ్లాడారు. 1930లో ముద్దుల కొడుకు బుల్బుల్ మశూచితో చనిపోయాడు. 1939లో భార్యకు నడుము కింద పక్షవాతం వచ్చింది.

1942 జులైలో, కలకత్తా రేడియోలో ఉండగా నాలుక మొద్దుబారి మాట తడబడింది. అప్పటికి ఆయన వయసు 43. తర్వాత మాట, ఆలోచన, జ్ఞాపకం ఒక్కొక్కటిగా జారిపోయాయి. కొడుకు పోయిన దుఃఖం, భార్య జబ్బు, చేతిలో డబ్బు లేకపోవడం చూస్తే ఎవరికైనా ఇది మనోవ్యథ అనే తోస్తుంది. హోమియో మందులు వాడారు, ఆయుర్వేదం చూశారు, మానసిక వైద్యశాలలో నెలల తరబడి ఉంచారు. గుణం కనిపించలేదు. ఆ తర్వాత దాదాపు పదేళ్లు ఇంట్లోనే, మౌనంగా గడిచాయి.

1952లో అభిమానులు చందాలు పోగుచేసి ఆయన్ని రాంచీ ఆసుపత్రికి, 1953లో లండన్‌కు పంపారు. అక్కడి డాక్టర్ల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి వియన్నాలో డాక్టర్ హాన్స్ హాఫ్ మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూసే పరీక్ష చేయించి, ఇది పిక్స్ జబ్బు అని, నయం కాదని తేల్చారు. ఇది డిమెన్షియాలో ఒక రకం. మెదడు ముందు భాగం, కణతల వైపు భాగం కుంచించుకుపోతాయి. అల్జీమర్స్‌లో సాధారణంగా మొదట జ్ఞాపకం తగ్గుతుంది. ఇందులో మొదట మాట, ప్రవర్తన మారతాయి, అదీ తరచూ 65 ఏళ్లలోపే. అందుకే ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అనో, పొగరు అనో పొరబడుతుంటారు.

ప్రమీల తాను మంచం మీద ఉండి కూడా భర్తకు తన చేత్తో తినిపించేవారు. 1962లో కన్నుమూసేదాకా ఆ సేవ మానలేదు. 1972లో నజ్రుల్‌ను ఢాకా తీసుకెళ్లారు. 1976 ఆగస్టు 29న అక్కడే ఇంతెఖాల్ అయ్యారు. ఢాకా విశ్వవిద్యాలయం మస్జిద్ పక్కన ఖననం చేశారు.

ఈరోజు మనం 11 ఏళ్లు ఆగక్కర్లేదు. అబ్బా అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా, రోజూ వెళ్లే మస్జిద్ దారి తప్పుతున్నా, ఎన్ని రకాతులు చదివారో తరచూ మరచిపోతున్నా, అమ్మీకి తెలిసిన మాటలే దొరక్కపోయినా, శాంతంగా ఉండే మనిషి ఉన్నట్టుండి దురుసుగా మారినా వయసులే అని వదిలేయొద్దు. ఆసేబ్, జాదూ అని తిప్పనూ వద్దు. దువా చేద్దాం, దాంతోపాటు న్యూరాలజిస్ట్‌కూ చూపిద్దాం. మాట ఒక్కసారిగా పడిపోతే అది పక్షవాతం కావచ్చు, ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి మందు ఉంది, కాబట్టి ముందు రక్త పరీక్షలు, స్కాన్ చేయించాలి. అల్జీమర్స్ అయితే డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ లాంటి మందులు జబ్బును పోగొట్టవు గానీ కొంతకాలం లక్షణాలను అదుపులో పెట్టగలవు. నజ్రుల్‌కు వచ్చిన రకంలో డొనెపెజిల్ లాంటివి పెద్దగా పనిచేయవు, ఒక్కోసారి చిరాకు పెంచుతాయి. అందుకే పక్కింటివాళ్ల చీటీ చూసి మందులు కొనకూడదు. మాట కోసం స్పీచ్ థెరపీ, రోజువారీ పనుల కోసం ఆక్యుపేషనల్ థెరపీ ఉన్నాయి. తిండి, నిద్ర, నమాజ్ ఒకే వేళకు జరిగేలా చూడటం, రోజూ కాస్త నడిపించడం, పాత పరిచయమున్న నాతులు, పాటలు వినిపించడం కూడా వాళ్లను కుదుటపరుస్తాయి.

సేవ భారమంతా ఒక్క కోడలి మీదో, కూతురి మీదో వేయకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వంతులు వేసుకోండి. ఉఫ్ అనకుండా సేవ చేయాలంటే, చేసే మనిషికీ కంటినిండా నిద్ర ఉండాలి.