బి.టి. కాలేజీ – అనీబిసెంట్

మా గంగవరం నుండి పుంగనూరు మీదుగా మదనపల్లె వెళ్ళేవారికి బి.టి. కాలేజీ సుపరిచితమే. ఆ పేరులో ఉన్న బిసెంట్ అమ్మగారి గురించి మన మనుమలకు తెలియజేయాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అనీబిసెంట్ 1847లో లండన్‌లో జన్మించారు. 1893లో మన దేశం వచ్చి, 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీని, 1915లో మదనపల్లె కాలేజీని స్థాపించారు. మరుసటి ఏడు హోంరూల్ లీగ్ ప్రారంభించారు. విద్యార్థులు రాజకీయ సభలకు వెళ్ళరాదని 1917లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ జూన్‌లో ఆమెను నిర్బంధించింది. మదనపల్లె విద్యార్థులు మాత్రం వెనుకాడక హోంరూల్ ఉద్యమంలో పాల్గొన్నారు. ఫలితంగా కాలేజీకి మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. గుర్తింపు లేని కాలేజీలో చదివితే ఉద్యోగం సంగతి ఏమవుతుందో, సర్వీసు చేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. బిసెంట్ వారిని నట్టేట విడువలేదు. అడయారులో జాతీయ విశ్వవిద్యాలయం ఏర్పాటు చేసి కాలేజీని దానికి అనుబంధించారు. రవీంద్రనాథ్ టాగూర్ దానికి ఛాన్సలర్. 1919లో ఆయన మదనపల్లె వచ్చినపుడే జనగణమనను ఆంగ్లంలోకి అనువదించారు.

1917 డిసెంబరులో ఆమె కాంగ్రెస్ అధ్యక్షురాలయ్యారు. అయితే 1920లో గాంధీగారు విద్యార్థులను కాలేజీలు విడిచి రమ్మన్న సహాయ నిరాకరణను ఆమె అంగీకరించలేదు. ఆ కారణంగా ప్రజాదరణ తగ్గినా మాట మార్చుకోలేదు. 1933లో అడయారులో కన్నుమూశారు.

విద్యార్థికి దేశం సంగతులు తెలియాలి, చదువూ చెడరాదు అన్నది ఆమె జీవితంలో నాకు కనిపించే నీతి.

నేటి పిల్లలకు పట్టింపు లేదనడం న్యాయం కాదు. 2009లోనూ, 2013లోనూ సమైక్యాంధ్ర కోసం సీమ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. కానీ మన రాష్ట్ర కాలేజీల్లో 1980ల చివర నుండి విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగిపోయాయి. సుమారు అదే కాలంలో, 1989లో, ఓటు వయసు 21 నుండి 18కి తగ్గింది. శాసనసభ్యుణ్ణి ఎన్నుకోగల యువకుడు తన కాలేజీ ప్రతినిధిని ఎన్నుకోలేకపోతున్నాడు. ఎన్నికలుంటే కొట్లాటలన్న భయం నిజమే. అయినా పద్ధతిగా వాదించడం, ఓడితే ఒప్పుకోవడం కాలేజీలో గాక మరెక్కడ నేర్చుకుంటారు?

రాజకీయాలు మనకెందుకని పిల్లల నోరు మూయించే ముందు, పెద్దలమైన మనం మదనపల్లె విద్యార్థులను ఒకసారి తలచుకోవాలని నా మనవి.