నలందా విద్యార్థి హ్యూయన్‌త్సాంగ్

విద్యార్జన కోసం స్వదేశాన్ని విడిచి వెళ్ళడం ఈ కాలానికే పరిమితమైన విషయం కాదు. విమానాలు లేని రోజులలో, దారి చూపే పటాలు సైతం కరవైన రోజులలో, కేవలం జ్ఞానతృష్ణతో ఎడారులను, మంచుకొండలను దాటి భారతదేశానికి వచ్చిన మహనీయులు ఉన్నారు. వారిలో అగ్రగణ్యుడు చైనా దేశపు బౌద్ధభిక్షువు హ్యూయన్‌త్సాంగ్. మన చరిత్ర గ్రంథాలు ఆయనను యాత్రికునిగా పేర్కొంటాయి. నిజానికి ఆయన ముందుగా విద్యార్థి. ఆ తరువాతనే యాత్రికుడు, అనువాదకుడు, రెండు మహాసంస్కృతులకు నడుమ వారధి.

హ్యూయన్‌త్సాంగ్ క్రీ.శ. 602 ప్రాంతంలో లోయాంగ్ నగర సమీపాన ఒక పండిత కుటుంబంలో జన్మించాడు. నలుగురు సోదరులలో చిన్నవాడు. తండ్రి వద్ద చైనా ప్రాచీన శాస్త్రాలను నేర్చాడు. అప్పటికే భిక్షువైన అన్న అడుగుజాడలలో నడచి, పదమూడవ ఏట మఠంలో ప్రవేశించాడు. 618లో స్వీ వంశం కూలిపోయి దేశం అల్లకల్లోలమైనప్పుడు అన్నదమ్ములిరువురూ చాంగాన్‌కు, అక్కడినుండి చెంగ్డూకు తరలిపోయారు. ఇరవయ్యవ ఏట ఆయన పూర్ణభిక్షుత్వం స్వీకరించాడు.

ఏ నగరానికి వెళ్ళినా ఆయన అక్కడి ఆచార్యులను వెదికి వారి వద్ద పాఠం విన్నాడు. వినేకొద్దీ సందేహాలు పెరిగాయి. ఒకే విషయాన్ని ఒక్కొక్క గురువు ఒక్కొక్క తీరున వివరించేవాడు. చైనా భాషలోని అనువాదాలు ఒకదానితో మరొకటి పొసగేవి కావు. కొన్ని గ్రంథాలు అసంపూర్ణంగానే లభించేవి. ఈ చిక్కును విడదీయాలంటే మూలగ్రంథాలు పుట్టిన దేశానికి వెళ్ళి, వాటి భాషను నేర్చుకొని, అక్కడి గురువుల ముఖతః వినడమే మార్గమని ఆయన నిశ్చయించాడు.

ఆనాడు చైనా సరిహద్దులు దాటడాన్ని ప్రభుత్వం నిషేధించింది. అనుమతి కోరుతూ పెట్టిన విన్నపాలు ఫలించలేదు. తోడు వస్తామన్నవారు వెనుదిరిగారు. ఆయన మాత్రం 629లో (627లోనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం) రహస్యంగా బయలుదేరాడు. పగలు దాగి రాత్రులు నడిచాడు. ఎడారి మధ్యలో చేజారిన తోలుతిత్తి నుండి నీరంతా ఇసుక పాలైంది. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు చుక్కనీరు లేకుండా ప్రయాణించి, స్పృహతప్పే స్థితిలో చివరకు నీటిచెలమను చేరుకున్నాడు.

తుర్ఫాన్ ప్రాంతంలోని గావోచాంగ్ రాజు ఆయన పాండిత్యానికి ముగ్ధుడై, తన రాజ్యంలోనే గురువుగా ఉండిపొమ్మని పట్టుబట్టాడు. బతిమాలాడు, బెదిరించాడు. హ్యూయన్‌త్సాంగ్ కోపగించక, నిరాహారదీక్ష పూనాడు. రాజు మనసు కరిగింది. తిరుగు ప్రయాణంలో మూడేళ్ళు అక్కడ గడుపుతానని మాట తీసుకొని, గుర్రాలను, పరిచారకులను, బంగారాన్ని, దారిలోని ఇరవైనాలుగు రాజ్యాలకు పరిచయలేఖలను ఇచ్చి సాగనంపాడు. నిషేధాన్ని ధిక్కరించి ఒంటరిగా బయలుదేరిన భిక్షువు ఆ లేఖల బలంతో రాజుల అతిథి అయ్యాడు. పరదేశంలో పాండిత్యం ఎంత అవసరమో, ఎదుటివారి ఆదరణను పొందగల నడవడి అంతే అవసరమని ఈ ఘట్టం తెలుపుతుంది.

తియన్‌షాన్ మంచుపర్వతాలు దాటడంలో సహచరులు పలువురు మరణించారు. సమర్‌కండ్, బల్ఖ్, బామియాన్‌ల మీదుగా ఆయన గాంధారం చేరాడు. బామియాన్ కొండలలో ఆయన దర్శించి వర్ణించిన మహాబుద్ధ విగ్రహాలు 2001లో ధ్వంసమయ్యాయి. కాశ్మీరంలో ఆయన ఇంచుమించు రెండేళ్ళు గడిపి, ఒక వృద్ధ ఆచార్యుని వద్ద వ్యాకరణ, తర్కశాస్త్రాలను అధ్యయనం చేశాడు. భాషను పుస్తకాల వరకే కాక, వాదప్రతివాదాలలో సైతం ఉపయోగించగల స్థాయికి ఎదిగాడు.

637 ప్రాంతంలో ఆయన నలందా మహావిహారంలో అడుగుపెట్టాడు. అక్కడ ప్రవేశం సులభసాధ్యం కాదు. ద్వారం వద్దనే పండితులు ప్రశ్నలు వేసేవారు. వచ్చినవారిలో అత్యధికులు సమాధానం చెప్పలేక తిరిగి వెళ్ళేవారు. లోపల నిత్యం నూరు పీఠాలపై బోధన జరిగేదని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. వయోవృద్ధుడైన శీలభద్రుడు అక్కడి కులపతి. ఆ ఆచార్యుని పాదాల చెంత హ్యూయన్‌త్సాంగ్ యోగాచార శాస్త్రాన్ని ఆమూలాగ్రం అభ్యసించాడు. బౌద్ధశాస్త్రాలతో పాటు పాణినీయ సంప్రదాయాన్ని, వైదిక విద్యలను కూడా తెలుసుకున్నాడు. తన మతానికి చెందని విద్యలు తనకెందుకని ఆయన అనుకోలేదు.

పిమ్మట ఆయన దేశాటనకు బయలుదేరి వంగ, కోసల దేశాల మీదుగా తెలుగునేలకు వచ్చాడు. అప్పటికి వేంగిలో తూర్పు చాళుక్యుల పాలన వేళ్ళూనుకుంటున్నది. ఆంధ్రదేశపు నేల సారవంతమైనదని, ఇక్కడి వాతావరణం వేడిగా ఉంటుందని ఆయన వ్రాశాడు. ప్రజల భాష, పలుకుబడి మధ్యదేశానికి భిన్నమైనా, లిపి పద్ధతి మాత్రం చాలావరకు ఒకటేనని గుర్తించాడు. తెలుగువారి భాషా ప్రత్యేకతను గురించి ఏడవ శతాబ్దంలోనే ఒక విదేశీయుడు చేసిన ఈ పరిశీలన మనకు మిక్కిలి విలువైనది.

అక్కడినుండి ఆయన ధాన్యకటకం చేరాడు. అమరావతి చెంతనున్న ధరణికోటయే ఆ ధాన్యకటకమని పలువురు, విజయవాడ ప్రాంతమని కొందరు పండితులు భావిస్తున్నారు. ఇక్కడి ప్రజలు విద్యాకళలను ఆదరించేవారని, అయితే సంఘారామాలలో అధికభాగం శిథిలమైపోయాయని ఆయన ఉన్నదున్నట్లు వ్రాశాడు. ఇక్కడ మహాసాంఘిక శాఖకు చెందిన ఇద్దరు భిక్షువుల వద్ద కొన్ని నెలలపాటు ఆ శాఖ అభిధర్మాన్ని నేర్చుకున్నాడు. బదులుగా వారికి మహాయాన శాస్త్రాలను బోధించాడు. నలందలో పేరుగాంచిన పండితుడు కృష్ణాతీరంలో మరల శిష్యుడయ్యాడు. శిష్యుడైనచోటనే గురువూ అయ్యాడు. పరస్పరం ఇచ్చిపుచ్చుకోవడమే విదేశ విద్యకు ప్రాణమని ధాన్యకటక వృత్తాంతం చాటుతుంది.

కాంచీపురం వరకు వెళ్ళిన ఆయన, సింహళంలో కరవు, కల్లోలం చెలరేగాయని విని ఆ ప్రయాణం మానుకున్నాడు. మహారాష్ట్రం మీదుగా నలందకు తిరిగివచ్చి, జయసేనుడనే గృహస్థ పండితుని వద్ద మరికొంతకాలం చదివాడు. ఆ రోజులలో బౌద్ధంలోని రెండు దర్శనాల వారు పరస్పరం ఖండించుకుంటుండగా, ఆ రెండింటికీ విరోధం లేదని నిరూపిస్తూ సంస్కృతంలో మూడువేల శ్లోకాల గ్రంథం రచించాడు. ఆ గ్రంథం నేడు అలభ్యం.

స్వదేశానికి వెళ్తానన్నప్పుడు నలందా పండితులు ఆయనను వారించారు. బుద్ధుడు పుట్టిన పుణ్యభూమిని విడిచి మ్లేచ్ఛదేశానికి వెళ్ళడమెందుకని ప్రశ్నించారు. గురువులను అమితంగా గౌరవించే ఆయన ఆ మాటను మాత్రం అంగీకరించలేదు. తన దేశంలోనూ న్యాయవ్యవస్థ, పెద్దలపట్ల గౌరవం, విద్యాదరణ, ఖగోళ సంగీతాది శాస్త్రాలు ఉన్నాయని సవినయంగా వివరించాడు. తాను పొందిన జ్ఞానాన్ని తనవారికి అందించకపోతే వచ్చిన పని నెరవేరదని చెప్పాడు. పరాయి సంస్కృతిని ప్రేమించడమంటే స్వసంస్కృతిని చిన్నబుచ్చుకోవడం కాదని ఆయన ఎరుగును. శీలభద్రుడు ఆ నిర్ణయాన్ని హర్షించాడు.

ఇంతలో కామరూప రాజు భాస్కరవర్మ, కనోజ్ చక్రవర్తి హర్షవర్ధనుడు ఆయనను ఆహ్వానించడానికి పోటీపడ్డారు. 643లో హర్షుడు కనోజ్‌లో గొప్ప విద్వత్సభ జరిపాడు. పద్దెనిమిది దినాల సభలో హ్యూయన్‌త్సాంగ్ ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని ఎవరూ ఖండించలేకపోయారని ఆయన జీవితచరిత్ర చెబుతున్నది. మహాయానులు మహాయానదేవుడని, హీనయానులు మోక్షదేవుడని ఆయనకు బిరుదులిచ్చారు.

తిరుగు ప్రయాణంలో సింధునదిని దాటుతుండగా పడవ అల్లల్లాడి, యాభై గ్రంథాల ప్రతులు, భారతదేశపు పూలవిత్తనాలు నీటిపాలయ్యాయి. ఆయన తీరంలోనే ఆగిపోయి, మనుషులను పంపి కొన్ని ప్రతులను మళ్ళీ వ్రాయించుకున్నాడు. గావోచాంగ్ రాజుకిచ్చిన మాట మాత్రం నిలుపుకొనే వీలు లేకపోయింది. 640లోనే ఆ రాజు మరణించాడు. ఆ రాజ్యాన్ని చైనా సైన్యాలు ఆక్రమించాయి.

అనుమతి లేకుండా దేశం విడిచినందుకు శిక్ష తప్పదేమోనన్న శంక ఆయనకు లేకపోలేదు. అందుచేత ఖోటాన్‌లో ఆగి, క్షమాపణ కోరుతూ చక్రవర్తికి లేఖ పంపి, సమాధానం కోసం నెలల తరబడి వేచి ఉన్నాడు. తాయ్‌జోంగ్ చక్రవర్తి సాదరంగా ఆహ్వానించాడు. 645లో చాంగాన్ నగరంలో ప్రవేశించినప్పుడు ఆయన వెంట ఇరవై గుర్రాలపై 657 గ్రంథాలు ఉన్నాయి.

పశ్చిమదేశాల శీతోష్ణస్థితులు, పంటలు, ఆచారాల గురించి చక్రవర్తి ఎన్నో ప్రశ్నలు వేసి, మంత్రిపదవిని ఇవ్వజూపాడు. కొరియాపై దండయాత్రకు తోడు రమ్మన్నాడు. భిక్షువు యుద్ధాన్ని చూడరాదన్న నియమాన్ని తెలిపి ఆయన రెంటినీ నిరాకరించాడు. చక్రవర్తి కోరిక మేరకు యాత్రావృత్తాంతాన్ని మాత్రం 646లో పన్నెండు సంపుటాలుగా పూర్తిచేశాడు. అందులో నూటముప్పైకి పైగా రాజ్యాల వివరాలున్నాయి. భారతీయులు భోజనానికి ముందు శుభ్రపడటం, ఎంగిలి ముట్టకపోవడం, తొమ్మిది రకాలుగా నమస్కరించడం, శబ్ద, శిల్ప, చికిత్సా, హేతు, అధ్యాత్మ విద్యలనే పంచవిద్యల అభ్యాసం వంటి విషయాలను శ్రద్ధగా నమోదు చేశాడు. మన దేశానికి చైనా భాషలో ఉన్న పలు పేర్లను పరిశీలించి, యిందు అన్న రూపమే సరైనదని నిర్ణయించాడు. నేటికీ చైనీయులు మన దేశాన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నారు.

శేష జీవితమంతా ఆయన అనువాదానికే అంకితం చేశాడు. మూలంతో సరిపోల్చేవారు, శైలిని సవరించేవారు, వ్రాయసకాండ్రు మొదలైన పండిత బృందంతో 75 గ్రంథాలను 1,335 భాగాలుగా చైనా భాషలోకి తెచ్చాడు. ఒక పదానికి పెక్కు అర్థాలున్నప్పుడు, ఆ వస్తువు చైనాలో లేనప్పుడు, అనువదిస్తే పదంలోని గాంభీర్యం సడలిపోయేటప్పుడు మూలపదాన్నే ఉంచాలని ఆయన నియమం పెట్టుకున్నట్లు సంప్రదాయం చెబుతుంది.

647లో చక్రవర్తి ఆజ్ఞపై లావోత్సు గ్రంథాన్ని సంస్కృతీకరించే పని వచ్చింది. అందులో మూలసూత్రమైన తావో అన్న పదాన్ని బోధి అని అనువదించాలని తావో మత పండితులు కోరారు. హ్యూయన్‌త్సాంగ్ అంగీకరించలేదు. రెండు మతాలు వేరు, రెండు భావాలు వేరు. కనుక మార్గం అన్న పదమే తగినదని వాదించాడు. పైకి కనిపించే పోలికను చూసి రెండు సంస్కృతులను కలగాపులగం చేయకపోవడం కూడా వారధి కావలసినవాని ధర్మమే.

భారతదేశంతో ఆయన బంధం తెగిపోలేదు. బుద్ధగయ నుండి ప్రజ్ఞాదేవుడు, జ్ఞానప్రభుడు అనే భిక్షువులు లేఖలు, వస్త్రాలు పంపగా, 654లో ఆయన ప్రత్యుత్తరాలు వ్రాశాడు. గురువు శీలభద్రుని నిర్యాణానికి తీరని దుఃఖాన్ని వెలిబుచ్చాడు. సింధునదిలో పోయిన గ్రంథాల పట్టికను జతపరచి, వీలైతే ప్రతులు పంపమని కోరాడు. ప్రజ్ఞాదేవునితో స్నేహాన్ని పాటిస్తూనే, సిద్ధాంత విషయంలో తనకున్న భేదాన్ని దాచకుండా తెలిపాడు.

జపాన్ నుండి దోషో, కొరియా నుండి వొన్‌చుక్ వంటివారు ఆయన విద్యాపరంపరను అందుకున్నారు. ఆనాటి విదేశీ విద్యార్థి ఈనాడు విదేశీ విద్యార్థులకు ఆచార్యుడయ్యాడు. వార్ధక్యంలో ఆయన ప్రజ్ఞాపారమితా గ్రంథాన్ని చేపట్టినప్పుడు, శిష్యులు కొంత సంక్షేపించమని సూచించారు. ఆయన ఒక్క అక్షరమైనా విడువక, 600 భాగాలను 663 నాటికి పూర్తిచేశాడు. మరుసటి ఏడు, 664లో, కన్నుమూశాడు.

19వ శతాబ్దంలో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ భారతదేశంలోని బౌద్ధక్షేత్రాలను వెదకినప్పుడు ఆయన చేతిలోని దీపం హ్యూయన్‌త్సాంగ్ గ్రంథమే. మనం మరచిన నలందను మనకు తిరిగి చూపడంలో నలందలో చదువుకున్న ఆ పరదేశి వ్రాతలు తోడ్పడ్డాయి. విద్య నేర్పిన దేశానికి ఒక విద్యార్థి చెల్లించగల గురుదక్షిణ ఇంతకన్న వేరొకటి ఉండదు.

కఠిన పదాలు – అర్థాలు

జ్ఞానతృష్ణ : జ్ఞానాన్ని పొందాలనే తీవ్రమైన కోరిక
ఆమూలాగ్రం : మొదటినుండి చివరివరకు
సంఘారామం : బౌద్ధభిక్షువులు నివసించే విహారం
నిర్యాణం : మరణం
సంక్షేపించు : కుదించు
వ్రాయసకాడు : లేఖకుడు

ప్రశ్నలు

1. హ్యూయన్‌త్సాంగ్ భారతదేశానికి రావాలని సంకల్పించడానికి గల కారణాలను తెలపండి.
2. ఆంధ్రదేశాన్ని గురించి హ్యూయన్‌త్సాంగ్ వ్రాసిన విశేషాలేవి?
3. నలందా పండితులు వారించినప్పుడు ఆయన ఏ విధంగా సమాధానమిచ్చాడు?
4. తావో అన్న పదాన్ని అనువదించడంలో తలెత్తిన వివాదాన్ని వివరించండి.
5. హ్యూయన్‌త్సాంగ్ రెండు సంస్కృతుల నడుమ వారధిగా నిలిచాడని పాఠం ఆధారంగా నిరూపించండి.