గొంతు మిగిలిన గాయని: టంగుటూరి సూర్యకుమారి

వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో మూసీ నది పుట్టుచున్నది. అక్కడి అనంతపద్మనాభస్వామి ఆలయమునకు వచ్చు యాత్రికులలో ఆ సంగతి ఎరిగినవారు కొందరే. కొండలలో అది చిన్న పిల్లవాడు సైతము దాటగల సన్నని నీటిచాలు. అదియే పెరిగి హైదరాబాదు నగరము నడుమగా సాగి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. దిగువన ఆ నీటితో పొలము తడుపుకొను రైతునకు ఈ కొండ జ్ఞాపకము రాదు. రావలసిన అవసరమును లేదు. నీరు వచ్చినది, పైరు పండినది, అంతే చాలును.

పాటల చరిత్రయు ఇట్టిదే. ఒక పాట జనుల నోట పడి, ఊరూర పారి, తరతరములకు అందును. అది మొదట ఎవరి గొంతున పుట్టినదో పాడువారికి తెలియదు. ఈ అనంతగిరి దిగువనున్న వికారాబాదు, తాండూరు ప్రాంతములు 1956 మొదలు 2014 వరకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ఉండినవి. ఆ కాలమున చదువుకొన్నవారిలో బడి ఆవరణమున బారులు తీరి నిలిచి ‘మా తెలుగు తల్లికి’ అను గీతము పాడనివారు అరుదు. ఆ గీతము వ్రాసిన కవి శంకరంబాడి సుందరాచారి అని కొందరు ఉపాధ్యాయులు చెప్పగలరు. దానిని తొలుత తెలుగువారి చెవిని వేసిన కంఠము ఎవరిదని అడిగినచో బదులు చెప్పువారు తక్కువ. ఆ కంఠము టంగుటూరి సూర్యకుమారిది.

ఆమె 1925వ సంవత్సరము నవంబరు 13వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఆమెకు పెదతండ్రి. 1928లో సైమను సంఘము వచ్చిన వేళ మద్రాసు వీధిలో తుపాకులకు ఎదురుగా రొమ్ము చూపి నిలిచిన ఆ మహనీయుని ఇంటిపేరు అప్పటికే తెలుగునాట ఒక మంత్రము. అట్టి వంశమున పుట్టిన బాలికకు దేశభక్తి వేరుగా నేర్పనక్కరలేకపోయెను. పాట మాత్రము దైవదత్తము. చిన్ననాటనే ఆమె గొంతు విన్నవారు ఇది సామాన్యమైన గొంతు కాదని గ్రహించిరి.

నాటి చలనచిత్రములు నేటివాని వంటివి కావు. 1930 ప్రాంతములలో తెరపై కనిపించు నటియే పాట పాడవలెను. ఒకరు నటించి, వేరొకరు చాటున పాడు పద్ధతి ఇంకను వ్యాపింపలేదు. కనుక నిర్మాతలకు అందమును, అభినయమును, గానమును ఒక్కచోట ఉన్నవారు కావలసియుండెను. అట్టివారు ఎందరు దొరకుదురు? పండ్రెండేండ్ల సూర్యకుమారి 1937లో ‘విప్రనారాయణ’ చిత్రముతో తెరపైకి వచ్చినది అందువలననే. మంచి కుటుంబముల ఆడపిల్లలు సినిమాలలో చేరుట తప్పని లోకము భావించిన దినములవి. ఆ మాటలను లెక్కచేయక ఆమెను ప్రోత్సహించిన ఇంటివారి ధైర్యమును నేటి విద్యార్థులు ఊహించుకొనుట కష్టము.

తరువాత రెండేండ్లకు వచ్చిన ‘రైతుబిడ్డ’ ఆమె పేరును పల్లెలకు చేర్చెను. గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన ఆ చిత్రము జమీందారీ వ్యవస్థలో నలిగిన కర్షకుని కథ. బళ్ళారి రాఘవ వంటి మహానటుడు అందు నటించెను. జమీందారులకు కోపము వచ్చెను. ప్రభుత్వము కొన్నిచోట్ల ఆ చిత్రమును నిషేధించెను. పదునాలుగేండ్ల ఈడున సూర్యకుమారి పాలుపంచుకొన్న కళ అధికారులను కలవరపెట్టగలిగినదన్న మాట. 1941లో బి. ఎన్. రెడ్డిగారి ‘దేవత’లో ఆమె కనిపించెను. నాగయ్యగారు నాయకుడుగా నటించిన ఆ చిత్రము నాటి ఉత్తమ చిత్రములలో ఒకటి.

అయినను ఆమెను ఇంటింటి మనిషిని చేసినది సినిమా కాదు, గ్రామఫోను. లక్కతో చేసిన నల్లని పళ్ళెము, నిమిషమునకు 78 చుట్లు తిరుగును. ఉక్కుముల్లు దాని గాడిలో నడచుచుండగా పాట పలుకును. ఒక్కొక్క వైపున పట్టునది సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే. కచేరీలో గంటసేపు రాగమును విస్తరించు విద్వాంసులకు ఆ మూడు నిమిషములు ఇరుకుగా ఉండెడివి. సూర్యకుమారికి అవి చాలినవి. ఆమె గానమున సంగతుల ప్రదర్శనము లేదు. మాట తెలిసి, భావము తెలిసి, ఏ అక్షరమును మింగక పాడుట ఆమె పద్ధతి. పాడుచుండగనే పదము అర్థమగును. అర్థమైనందున వినువాడు తానును కూనిరాగము తీయును. పండితులకు మాత్రమే పరిమితము కాక, పామరతకు దిగజారక, ఇట్లు నడిమి దారిన సాగిన గానమునకే లలితసంగీతమని పేరు వచ్చెను. ఆ దారి వేసినవారిలో ఆమె ఒకతె.

తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి ‘దీనబంధు’ చిత్రము కొరకై తెలుగుతల్లి గీతమును వ్రాసెనని ప్రసిద్ధి. ఆ చిత్రము 1942 నాటిది. గీతము జనులలో వ్యాపించినది మాత్రము సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డు మూలముననే. అప్పటి పరిస్థితిని ఒకసారి తలచవలెను. తెలుగువారికి నాడు రాష్ట్రము లేదు. కోస్తా, రాయలసీమలు మద్రాసు రాజధానిలో ఉండెను. అనంతగిరి ఉన్న ఈ ప్రాంతము నైజాము ప్రభువుల ఏలుబడిలో ఉండెను. దేశపటమున ఎక్కడను తెలుగునాడు అను పేరు లేని దినములలో, ఆ పేరును ఒక తల్లిగా భావించి పూదండ వేయుట కవి చేసిన పని. కాకతీయుల రాణిని, విజయనగరపు రాయలను, నదులను, శిల్పములను, గాయకులను ఒక్క దండలో గ్రుచ్చి చూపుట ఆ గీతపు నేర్పు. దారము కవిది, పరిమళము గాయనిది.

1947 ఆగస్టు 15 రాక తెలుగువారి చెవులకు మరొక కానుక తెచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన ఆ తరుణమున మద్రాసు ఆకాశవాణి నుండి బాలాంత్రపు రజనీకాంతరావుగారు రచించి, బాణీ కట్టిన స్వాతంత్ర్య గీతమును సూర్యకుమారి పాడెను. పెదతండ్రి ఏ స్వాతంత్ర్యమునకై ఆస్తిని, ఆరోగ్యమును ధారపోసెనో, ఆ స్వాతంత్ర్యమునకు తెలుగున స్వాగతగీతము పాడు భాగ్యము ఇరువది రెండేండ్లు నిండని ఆ కన్యకు దక్కెను. ఆరేండ్ల పిమ్మట, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు తొలి ముఖ్యమంత్రి ఆ పెదతండ్రియే.

ఇంతలో చలనచిత్రముల తీరు మారెను. నేపథ్యగానము స్థిరపడగా, నటీమణులు వేరు, గాయనీమణులు వేరు అయిరి. రెండును తెలిసినవారికి ఇది ఒక చిక్కు. సూర్యకుమారి ఆ చిక్కుకు లొంగి కూర్చుండలేదు. 1952లో మద్రాసు సుందరిగా ఎన్నికయి, భారతసుందరి పోటీలోను ముందు వరుసలో నిలిచెను. పంతులుగారి ఇంటి పిల్ల అందాల పోటీకి నిలుచుటను మెచ్చనివారు మెచ్చలేదు. హిందీలో ‘వతన్’, ‘ఉడన్ ఖటోలా’ చిత్రములలో నటించెను. 1955లో వచ్చిన ఈ రెండవ దానిలో దిలీప్ కుమార్ నాయకుడు, నౌషాద్ సంగీత దర్శకుడు. తెలుగునాట పాటకు మారుపేరైన వ్యక్తి అక్కడ నటిగా మాత్రమే కనిపించుట కాలము తెచ్చిన మార్పునకు నిదర్శనము.

ఆమె జీవితమున మిక్కిలి ఉన్నతమైన ఘట్టము సముద్రములకు ఆవల జరిగెను. 1961లో న్యూయార్కు నగరమున రవీంద్రనాథ ఠాకూరు ‘రాజా’ నాటకమును ‘ది కింగ్ ఆఫ్ ది డార్క్ ఛాంబర్’ అను పేర ఆంగ్లమున ప్రదర్శించిరి. దర్శకుడు కృష్ణ షా. అందు రాణి సుదర్శన పాత్ర సూర్యకుమారిది. ఆ రాణి తన భర్తను చీకటి గదిలోనే కలిసికొనును. గొంతు వినుటయే కాని రూపము చూచి ఎరుగదు. చూడవలెనను పట్టుదలతో వెలుగులోనికి వచ్చి, పైమెరుగు చూచి వేరొకనిని రాజని భ్రమించును. అభిమానము, అహంకారము అన్నియు కాలిన పిమ్మట గాని అసలు రాజు ఎవరో ఆమెకు తెలియదు. అందమునకై కిరీటము పొందిన వనిత, అందమును నమ్మి మోసపోయిన రాణిగా నటించుట సులభమైన పని కాదు. అక్కడి విమర్శకులు ఆమె అభినయమునకు ముగ్ధులై అవుటర్ క్రిటిక్స్ సర్కిల్ పురస్కారము ఇచ్చిరి. ఒక తెలుగు వనిత ఆంగ్ల నాటకరంగమున అమెరికాలో అట్టి గౌరవము పొందుట నేటికిని చెప్పుకొనదగిన విషయము. ఆ రాణి కథలో ఆమె కథయు కొంత కలదు. గ్రామఫోను ముందు కూర్చున్న వేలమంది తెలుగువారు ఆమెను చూడలేదు. గొంతు మాత్రమే విని ప్రేమించిరి.

1965 నుండి ఆమె లండనులో స్థిరపడెను. అక్కడ ‘ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్’ అను సంస్థను స్థాపించి, భారతీయ సంగీత నృత్యములను ఆంగ్లేయులకు, ప్రవాస భారతీయుల బిడ్డలకు పరిచయము చేసెను. 1973లో చిత్రకారుడును, రచయితయు అయిన హెరాల్డ్ ఎల్విన్‌ను వివాహమాడెను. అప్పటికి ఆమె వయస్సు నలువది యేడు. పదునారేండ్లకే పెండ్లి కాకున్న గుసగుసలు పోవు సమాజమునుండి వచ్చిన స్త్రీ, తన బ్రతుకు తీరును తానే నిర్ణయించుకొనెను. 1985లో భర్త గతించెను. అటుపిమ్మట ఇరువది యేండ్లు ఆమె ఒంటరిగా బ్రతికి, 2005 ఏప్రిల్ 25న లండనులోనే కన్నుమూసెను.

ఆమె మరణమునాటికి ఆమెను ప్రత్యక్షముగా విన్నవారిలో అనేకులు వృద్ధులు. కొందరు అటకమీది పాత రికార్డులను దింపి దుమ్ము దులిపిరి. గీతలు పడిన ఆ పళ్ళెములనుండి పాటతోబాటు ముల్లు రాపిడియు వినవచ్చును. దానిని కూడ ప్రేమతో వినువారే నిజమైన అభిమానులు. కొత్తతరము వారికి మాత్రము ఆమె ఒక పేరు. చాలమందికి పేరైనను కాదు.

ఇక పాట సంగతి. 1975లో హైదరాబాదున జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల నాటినుండి ఆ గీతమునకు రాష్ట్రగీతపు గౌరవము స్థిరపడెను. అంతవరకు పేదరికమున కాలము గడపిన సుందరాచారికి జీవితపు చివరి దినములలో ఆ గౌరవము దక్కెను. 1977లో ఆయన మరణించెను. పాట మాత్రము బడులలో సాగుచుండెను. పిమ్మట తెలంగాణ ఉద్యమము వచ్చెను. తమ నేలకు, తమ యాసకు, తమ వీరులకు చోటు చాలలేదని తలచిన జనులు ఆ గీతము విషయమునను ప్రశ్నలు వేసిరి. ఆ బాధ నిజమైనది. దానిని తేలికగా తీసివేయరాదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము అవతరించెను. 2024లో అందెశ్రీ రచించిన గీతము ఇచ్చట రాష్ట్రగీతమాయెను. సుందరాచారి గీతము ఆంధ్రప్రదేశమున నేటికిని రాష్ట్రగీతము.

కనుక నేడు అనంతగిరి నీడలోని బడిపిల్లలు ఉదయము పాడు పాట వేరు. వారి తల్లిదండ్రులు బాల్యమున పాడిన పాట వేరు. ఇందు దుఃఖించవలసినది లేదు. ప్రభుత్వములు గీతములను నిర్ణయించును, మార్చును. ఒక గొంతుపై జనులకు గల మమకారమును ఏ ఉత్తరువును నిర్ణయింపలేదు, రద్దు చేయజాలదు. సూర్యకుమారి ఆ గీతమును పాడిన నాటికి రాష్ట్రము లేదు, సరిహద్దు లేదు, అధికారగౌరవమును లేదు. పాట మంచిదని పాడెను. గొంతు మంచిదని జనులు వినిరి. ఆనాటి ఆ సంబంధము ఎట్లు కలిసినదో అట్లే ఉన్నది.

2025 నవంబరు 13తో ఆమె జన్మించి నూరేండ్లు నిండినవి. ఉపాధ్యాయులు ఏ పాట నేర్పినను, దానిని వ్రాసినది ఎవరో, తొలుత పాడినది ఎవరో పిల్లలకు ఒక్క మాట చెప్పినచో చాలును. అందులకు ఒక్క నిమిషము పట్టదు. విహారమునకై పిల్లలను అనంతగిరికి తీసికొనిపోవు ఉపాధ్యాయుడు, మూసీ ఇక్కడ పుట్టినదని చెప్పి ఆ సన్నని చాలును చూపినప్పుడు, పిల్లలు వంగి ఆ నీటిని వ్రేళ్లతో తాకెదరు. మరునాడు నగరమున వంతెన దాటునప్పుడు వారికి అది ఉత్త నీరు కాదు. తాము తాకి వచ్చిన నీరు. పాట విషయమునను అంతే. పేరు తెలిసిన పిమ్మట గొంతు దగ్గరగా వినబడును.